గాలి బేరం

లబ్బక్‌లో మార్చి నెల.
ఆకాశం ఇటుక రంగుకి తిరిగి
మధ్యాహ్నం మూడింటికే హెడ్‌లైట్లు వేసుకుంది ఊరు.
దున్నిన పత్తిచేలు లేచి రోడ్డు దాటి వెళ్తున్నాయి.
ట్రెవీనో షాపు షట్టరు సందులోంచి
ధూళి లోపలికొచ్చి, మర్యాదగా, బల్లమీద కూర్చుంటోంది.

బల్లమీద రెండు డబ్బాలు.
ఒకదాంట్లో ఎర్రగా, శంఖంలా, నూనె పట్టిన నూలు ఫిల్టరు.
పత్తి నూగుని ఆపడానికి పత్తే కావాలట.
మూత లేదు, మొహమాటం లేదు,
అలాగే బానెట్ కింద బోర విరుచుకు కూర్చుంటుంది.
మూడువందల నలభై డాలర్లు.
రెండోది నల్ల పెట్టె. పైన అద్దంలాంటి చిన్న కిటికీ,
నూనె అక్కర్లేని పొడి ఫిల్టరు,
ఇంజను వేడి సోకకుండా చుట్టూ రబ్బరు అంచు.
నాలుగువందల పది.

"ఎన్ని గుర్రాలు పెరుగుతాయి?" అన్నాను.
లాయిడ్ ట్రెవీనో ఓ అబద్ధానికి నోరు తెరిచి
నా మెళ్ళో ఆసుపత్రి బిళ్ళ చూసి మూసుకున్నాడు.
అక్టోబరులో వాళ్ళమ్మ చేత గొట్టంలోకి ఊదించింది నేనే.
ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఉంది, ఆపకండి అని
రోజుకి పద్నాలుగు మంది మీద అరవడం నా ఉద్యోగం.
"అయిదు" అన్నాడు. "బాగా తొక్కితే ఏడు.
కంపెనీ వాడి పెట్టె కూడా ఫెండర్ పక్కనుంచి
చల్లగాలే తాగుతుంది, నిజం చెప్పాలంటే.
మీరు కొనేది చప్పుడు."

నా బండి బయట ఉంది.
లక్షా ఎనభైవేల మైళ్ళు తిరిగింది,
గాలికి పుట్టి ధూళికి పెరిగిన సరుకు.
కొన్నరోజు మార్కండేయులు దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి
"గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకున్నావు" అన్నాడు.
ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే
నిజంగానే ఓ కంప, పందిపిల్లంత, దొర్లుకుంటూ వచ్చి
బంపరుకి తగులుకుంది.
సామెతకి అంత తొందరగా సాక్ష్యం దొరకడం
నేనెప్పుడూ చూళ్ళేదు.

లాయిడ్ పాత పెట్టె క్లిప్పులు విప్పాడు.
కాగితం మడతల్లో
నాకంటే ముందు ఈ బండిని ఏలినవాడి సంవత్సరాలు:
నూగు, జొన్న పొట్టు, మిడత రెక్క ఒకటి,
గులాబీరంగు దూది పీక్కొచ్చి
ఎలుక వేసుకున్న పక్క,
మధ్యలో గుంట, ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.
ఎక్స్‌రేల్లో చూశాను ఇలాంటివి.
జిన్నింగు మిల్లులో ముప్ఫైయేళ్ళు చేసినవాళ్ళవి.
వాటిని ఇలా క్లిప్పు విప్పి
గోడకేసి కొట్టి దులపలేం.

లాయిడ్ దులిపాడు.
ఇద్దరం దగ్గాం.

"ఎర్రదానికి నూనె ఎక్కువైతే సెన్సరు తీగకి అంటుకుంటుంది" అన్నాడు.
"ఇంక బండి, తనెంత గాలి పీలుస్తోందో తనే మర్చిపోతుంది."
ఆ జబ్బు నాకు తెలుసు.
మా నాలుగో అంతస్తులో దానికి వేరే పేరుంది.

కొత్త కాగితం ఫిల్టరు పద్దెనిమిది డాలర్లు.
బుద్ధున్నవాళ్ళు అదే కొంటారు.
మార్కండేయులు అదే కొనమన్నాడు, ఫోన్లో, రెండుసార్లు.

నల్ల పెట్టె తీసుకున్నాను.

బిగించడానికి నలభై నిమిషాలు పట్టింది.
ఈలోగా గాలి అలిసింది, ఎదుటి టైర్ల షాపు కనపడింది.
ఐడలూ రోడ్డెక్కి, ఖాళీ చూసి, తొక్కాను.
మూడువేలు దాటిందో లేదో
బానెట్ కింద ఎవరో లోపలికి
పొడుగ్గా, తీరిగ్గా
ఊపిరి తీసుకున్నారు.

పన్నెండేళ్ళుగా జనం ఊపిరి
బయటికొచ్చేటప్పుడే లెక్కపెట్టాను,
సెకన్లు, లీటర్లు, ఎర్రగీత కింద ఎంత, పైన ఎంత.
పీల్చుకునేటప్పుడు
నా కళ్ళెప్పుడూ తెరమీదే.

మళ్ళీ తొక్కాను.
పొలాల పక్కన, ఎవరికీ అవసరం లేకుండా,
ఇంకో మూడుసార్లు.

మైలేజీ గాలనుకి ఒక మైలు తగ్గింది.
మార్కండేయులికి చెప్పలేదు.