పీల్చే గొట్టం

కూర్చుంటా.
గోడకు ఆనుకుంటా.
ముక్కుకు క్లిప్పు.
నోట్లో గొట్టం.
ఒకటి.

రాదు.
లోపల స్ప్రింగు
మొండిది.
మళ్ళీ.
ఒకటి.

"ఊదొద్దు మొగిలమ్మా, పీల్చు"
అంటాది షమీమ్,
చిత్తూరు పెద్దాసుపత్రిలో
ఊపిరి నేర్పించే పిల్ల.
దాని వయసుకన్నా ఎక్కువేండ్లు
నేను ఊదినా.
ఇంట్లో ఊదుగొట్టం,
గానుగ కాడ పొయ్యి.
ఊదేది తప్ప
ఏం తెలుసు నాకు?

రెండు.
మూడు.
నాలుగుకు కండ్లల్లో నీళ్ళు.

ముప్పై రెండేండ్లు
పెనుమూరు దావలో చెంగల్రాయుడి గానుగ కాడ
ఎండిన చెరకు పిప్పి
మోపులు మోపులు పొయ్యి నోట్లో కుక్కినా.
కొప్పెరలో రసం పొంగితే గాలి తగ్గించాల,
పాకం ముదిరేముందు పెంచాల.
మంట రంగు చూసి కాదు,
పొయ్యి గురక విని చెప్పేదాన్ని.
పొయ్యికెంత ఊపిరి కావాలో తెలిసినదాన్ని
నాకెంత కావాలో లెక్క పెట్టుకోలేదు.
పొగ కూడా కూలిలో భాగమే అనుకున్నా,
మాపటేల చేతిలో పెట్టే
వేడి బెల్లం ముద్ద మాదిరి.

షమీమ్ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
ఎదకీ కడుపుకీ మధ్య
గొడుగు లాంటి కండ ఒకటి ఉండాదంట.
పుస్తకాల్లో పేరేదో చెప్పింది,
నాకు నోరు తిరగలేదు.
నాది గాలివానకు చదునైపోయిన గొడుగంట.
పుట్టిన పూట నుంచి దానికి సెలవు లేదంట,
ఒక్క పైసా అడగలేదంట.
"అయితే మా జాతిదేలే" అన్నా.
నవ్వింది గానీ
అబద్ధం చెప్పలేదు ఆ పిల్ల.
"తిత్తులు బాగవ్వవు మొగిలమ్మా,
కాలిన చోటు కాలినట్టే.
పని చేసే కండను మాత్రం
గట్టి చేసుకుందాం."

పొద్దున ముప్పై, మాపటికి ముప్పై.
గొట్టం మీద గీతలు,
మొదటి వారం తొమ్మిది.
మా మునస్వామి చింతగింజలు ముందరేసుకుని
లెక్క పెడతాడు.
ఇరవై దాటినాక నా మొహం చూడలేక
రెండు గింజలు ఒకేసారి జరుపుతాడు.
నేను చూడనట్టే ఉంటా.
ఆయన అటు తిరిగినాక
ఆ ఒక్కటీ పీల్చుకుంటా.

ఐదో వారం, పదహైదో గీత.
చిత్తూరు బస్సు రెండో మెట్టు మీద
ఎప్పుడూ నిలబడి పోయేదాన్ని,
వెనకోళ్ళు సణుగుతా ఉంటే.
ఆ పొద్దు కండక్టరు విజిలేసే లోపల
సీట్లో ఉండా.
ఎవరూ చూడలేదు.
కిటికీలో నేనే చూసుకున్నా.

దిగి, ఇంటికి పోలేదు.
చెంగల్రాయుడి అరుగెక్కినా.
అంతకుముందు మూడు తూర్లు పోయినా అక్కడికి.
"నా కూలి" అనేటప్పటికే దగ్గు.
"ఆయాసం తగ్గినాక మాట్లాడుకుందాం లేమ్మే"
అని నీళ్ళిచ్చి పంపేవాడు, పుణ్యాత్ముడు.
ఈ తూరి నీళ్ళు వద్దన్నా.

"చెంగల్రాయుడా, పోయినేడు మాఘంలో పదకొండు రోజులూ అంతకుముందేడు పంతొమ్మిది రోజులూ రాత్రనకా పగలనకా నీ పొయ్యి ముందర కూర్చున్నా, ఆ తొమ్మిది వేలూ నా చేతిలో పెట్టందే ఈ అరుగు దిగను."

ఒక్క ఊపిరిలో.

ఆయన దగ్గు కోసం ఎదురు చూసినాడు.
ఎప్పుడూ ఆయన పక్షాన వచ్చేదది.
రాలేదు.
లోపలికి పోయి నాలుగు వేలు తెచ్చినాడు.
మిగతాది ఉగాదికంట.

సందు మలుపు తిరిగినాక వచ్చింది దగ్గు,
బాకీ ఉంచుకోకుండా.
కరెంటు స్తంభం పట్టుకుని
పెదాలు సన్నగా చేసి
వేడి పాలు ఊదినట్టు
నిదానంగా, నిదానంగా వదిలినా.
నోట్లు కొంగులో తడిసినాయి.

ఇల్లు.
గోడ.
గీత పద్దెనిమిదికి తిప్పినా.
ఉగాదికి నలభై రోజులు,
రోజుకు అరవై.

మునస్వామీ,
గింజలు తే.
లెక్క
సరిగ్గా పెట్టు.