ఒకటా, రెండా

ప్రమోషన్ ఫారం ఏడో పేజీలో
ఒక గడి అడుగుతోంది:
మొత్తం ప్రచురణలు?
ముప్పై నాలుగు.
మొత్తం సైటేషన్లు?
తొమ్మిది వందల పన్నెండు, నిన్న రాత్రి వరకు.
పొద్దున్న చూస్తే తొమ్మిది వందల పదకొండు.
ఎవరో ఎక్కడో తమ పేపర్ని వెనక్కి తీసుకున్నట్టున్నారు.
శ్రీకాకుళంలో, డే అండ్ నైట్ కూడలి దగ్గర
కాఫీ చల్లారేలోగా
నా విలువ ఒకటి తగ్గింది.

అందులో ఏడు వందలు ఎలకలవి.
నా పాతికేళ్ళ వయసులో, బెంగళూరులో,
నీళ్ళ తొట్టెలో ఈదించి
దారి గుర్తుందో లేదో చూసిన ఎలకలు.
ఇప్పటికీ ఎవరు ఏం రాసినా
మరో ఆరుగురితో కలిపి నన్నూ ఒక బ్రాకెట్లో ఇరికిస్తారు,
కాంప్లెక్సు ముందు షేర్ ఆటోలో ఏడో మనిషిలా,
సగం ఒళ్ళు బయటికి.
ఒకాయన నేను కనుక్కున్నదానికి సరిగ్గా తలకిందులు రాసి
సాక్ష్యం నేనే అన్నాడు.
అదీ లెక్కలోకి వచ్చింది. నేనూ కాదనలేదు.

పేజీ అడుక్కి జారితే
రెండు అంకె పక్కన ఒక పేపరు.
కాశీబుగ్గ జీడి బట్టీల్లో
పిక్క కొట్టే ఆడవాళ్ళ వేలికొసలు, వాటి స్పర్శ.
నలభై ఆరుగురు. రెండు వేసవులు.
ఆమదాలవలసలో ప్యాసింజరెక్కితే
పలాస దాకా ఒళ్ళోనే పరికరాల పెట్టె.

పరీక్ష చిన్నదే.
కళ్ళు మూసుకోమంటాను.
మొనలు అరగదీసిన డివైడరుతో
వేలికొస మీద ఓసారి ఒక చుక్క, ఓసారి రెండు.
ఒకటా, రెండా?
మామూలు వేలు రెండు మిల్లీమీటర్ల ఎడాన్ని పసిగడుతుంది.
తామాడ నీలవేణి వేలికి
తొమ్మిదైనా ఒకటే.
"ఒకటే తల్లీ."
"ఒకటే."
కళ్ళు తెరిచి చూసి
"ఓలమ్మ, రెండున్నాయేటి!" అని పకపకా నవ్వింది.
"రేసను మిసనూ ఇలాగే అంటాది,
నువ్వు నువ్వు కాదని."

పేపర్లో ఆమె పేరు లేదు. రాయకూడదు.
నలభై ఒకటో నంబరు.
నా పేరూ పూర్తిగా లేదు.
ఇంటిపేరు నిండుగా ఉంది,
వరూధిని మాత్రం ఒక్క అక్షరం, పక్కన చుక్క.
రివ్యూ పద్నాలుగు నెలలు జీడిపాకంలా సాగింది.
ఒకరు అడిగారు:
ఇతర దేశాల పాఠకులకు ఇందులో ఏం ఆసక్తి?
జీడిపప్పు తింటారు కదండీ అని రాసి, కొట్టేసి,
మర్యాదగా మూడు పేరాలు పంపాను.

ఆ రెండు సైటేషన్లలో ఒకటి నాదే.
పేరంటానికి ఎవరూ రాకపోతే
తన బొట్టు తనే పెట్టుకున్నట్టు.
రెండోది కొల్లంలో ఒక విద్యార్థిది.
వాళ్ళ ఊరి వేళ్ళని కొలిచి
మా పట్టిక పక్కన తన పట్టిక పెట్టాడు.
ఒక్క వాక్యం.
దాన్ని నాలుగుసార్లు చదివాను.

మొన్న మళ్ళీ వెళ్ళాను, ఏ గడిలోనూ పట్టని పని మీద.
బట్టీలో ఒక కొత్త పిల్ల
పిక్క ముట్టేముందు వేళ్ళకి బూడిద పూసుకుంటోంది.
ఎవరు చెప్పారమ్మా?
"నీలవేణత్త. ఆయమ్మకి డాక్టరమ్మ సెప్పిందట."
నేను బూడిద అనలేదు. ఆముదం అన్నాను.
ఊరుకుందామనుకుని, ఊరుకోలేక,
ఆముదం రాయాలమ్మా అన్నాను.
పిల్ల నన్ను ఎగాదిగా చూసి
"నీకెవులు సెప్పారు?" అంది.

ఫారంలో ఆఖరి గడి:
మీ పనుల్లో ఎక్కువ ప్రభావం చూపినది, ఒక్కటి మాత్రమే.
ఎలకలనే రాశాను. ఇంక్రిమెంటు కావాలి.
సంతకం చేశాక
సొరుగులోంచి డివైడరు తీసి
కళ్ళు మూసుకుని
నా చూపుడువేలికి ఆనించుకున్నాను.

రెండు.
స్పష్టంగా, రెండు.