పేలాల చప్పుడు

అంబత్తూరు ఎస్టేటు, మూడో రోడ్డు చివర
రేకుల షెడ్డు.
అగ్గిపెట్టెంత డబ్బాలు ఇరవై నాలుగు
నా సంచిలో.
ఒక్కోదానికీ అడుగున అయస్కాంతం,
లోపల నాణెమంత బ్యాటరీ,
వణుకును అంకెలుగా మార్చే ఒక పలుకు.
తీగల్లేవు.
పంపుల మీద, బ్లోయర్ల మీద, కంప్రెసర్ నడుం మీద
గ్రీజు తుడిచి, పెయింటు గీకి
అతికించుకుంటూ పోతుంటే
వెనకే నడుస్తున్నాడు చెంగల్రాయుడు.

నగరి వైపు మనిషి.
తిరుత్తణి లోకల్లో నిద్ర, హ్యామర్ కింద మెలకువ,
ముప్పై ఒక్క ఏళ్ళు.
రెండు చెవులూ ఆ హ్యామరే తీసుకుంది.
మాట్లాడితే నా పెదాలు చూస్తాడు,
తల తిప్పానంటే నేను లేనట్టే.
మిషను సంగతి వేరు.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన బేరింగుకు ఆనించి
పిడి పళ్ళ మధ్య కరిచి
కళ్ళు మూసుకుంటాడు.
వినడం కాదది,
దవడకు తెలియడం.

"నీ డబ్బా ఏం చెప్తాది మే?"
లాప్‌టాప్ అతని వైపు తిప్పాను.
మొదటి రోజు చూసి ఊరుకున్నాడు.
రెండో రోజు నాలుగో పంపు దగ్గర
గీతలో లేచిన ఒక ముల్లు మీద వేలు పెట్టాడు,
ఆ నూనె మరక నా తెర మీద ఇంకా ఉంది.
"ఇది పేలాలు."
"పేలాలా?"
"మంగలంలో జొన్నలు వేగతాయే,
మొదటి గింజ చిట్లిండాది.
రెండోది చిట్లే లోపల బేరింగు తెప్పించమను."

సాఫ్ట్‌వేర్‌లో లోపాలకు ఒక జాబితా ఉంది:
లోపలి రేసు, బయటి రేసు, బోల్టు వదులు, ఇరుసు ఓర.
అన్నిటికీ కింద ఖాళీ గడి, ఇతరములు.
అందులో తెలుగులో కొట్టాను, పేలాలు.
ఆ వారమంతా అతను చెప్పడం, నేను రాయడం.
గేర్‌బాక్సు, నిద్రలో పళ్ళు నూరే బిడ్డ.
రెండో బ్లోయరు, పక్కోడి చెప్పులేసుకున్నోడి నడక.
కంప్రెసర్ దగ్గర చాలాసేపు నిలబడి
గాల్లో చెయ్యి ఊపి
"దీనికి మాట లేదు" అన్నాడు.
అదీ రాశాను.
మాట లేదు.

పంతొమ్మిదో రోజు నాలుగో పంపు విప్పితే
బయటి రేసు మీద నువ్వుగింజంత గుంట.
మేనేజరు నాకు చెయ్యి కలిపాడు,
డబ్బాకు చప్పట్లు కొట్టారు.
చెంగల్రాయుడు అటు తిరిగి టీ తాగుతున్నాడు.

వానలొచ్చాయి.
రేకుల మీద కురిసిన వాన
ఇరవై నాలుగు గీతల్లోనూ గరుకుగా పడింది.
ఒక్క ఆరో నంబరు మాత్రం సాపుగా, పచ్చగా,
ఏ దిగులూ లేకుండా.
గిండీ ఆఫీసులో కూర్చుని
ఆరోగ్యం బాగుంది అని నివేదిక రాశాను.

మర్నాడు ఫోనులో అతని గొంతు,
తనకు వినపడనిది మాకెవరికీ వినపడదనుకున్నట్టు
పెద్దగా అరిచి పంపిన ముక్క.
ఆఫీసంతా నా వైపు తిరిగింది.
"అమ్మణ్ణీ, ఆరో మిషను ఆడతానే ఉండాది.
ఆడేది వణకాల.
వణక్కుండా పండుకునేది పీనుగొక్కటే.
చచ్చింది మిషను కాదు మే, నీ డబ్బా.
బ్యాటరీ ఎత్తుకోని రా."

వెళ్ళాను. మోకాలి లోతు నీళ్ళు గేటు దగ్గర.
బ్యాటరీ మార్చడం రెండు నిమిషాల పని.
ఆ తర్వాత
చొక్కా అంచుతో తుడిచి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు.
పిడి నిండా పళ్ళ గుర్తులు,
కొన్ని నేను పుట్టకముందువి.
"కొరుకు. గట్టిగా గాదు, మామిడి టెంకను పట్టినట్ల."

కళ్ళు మూసుకున్నాను.
జొన్నలు లేవు, బిడ్డ లేడు, ఎవరి నడకా లేదు.
పై పళ్ళు జివ్వుమన్నాయి, అంతే.
కళ్ళు తెరిస్తే
నా పెదాల వైపే చూస్తున్నాడు,
నేనేం చెప్తానా అని.