మెడపట్టీ లోపల ణ

శుక్రవారం, తెల్లవారుజామున నాలుగున్నర.
రుస్తాక్ సందులో మా ఇస్త్రీ దుకాణం షట్టర్ కింద నుంచి
సైకిల్ సన్నటి ముందు చక్రం బయటికి జారింది.
బాకీ తీర్చలేక ఒక ఈజిప్టు మాస్టారు
ఊరొదిలిపోతూ ఇచ్చిన బండి ఇది.
పద్దెనిమిది దిష్‌దాషాలు, రెండు దుప్పట్లు, ఒక కోటు:
లెక్క కొట్టేసి తాళంచెవి పుచ్చుకున్నాను.
కిందికి వంగిన హ్యాండిల్. మొదటిసారి పట్టుకుంటే
పొట్టేలు కొమ్ములు పట్టి కుస్తీ పడ్డట్టే ఉండింది.

ఆరు రోజులు నిలబడే కాళ్ళు నావి.
పెట్టె ముందుకీ వెనక్కీ పోతుంది, నేను పోను.
ఏడో రోజు చెయ్యి ఊరుకుంటుంది,
కాళ్ళు తిరుగుతాయి.

అవాబీ దగ్గర కోట.
లోయ గొంతులో కూర్చుని
వచ్చే నీళ్ళనీ పోయే మనుషుల్నీ
పద్దు రాసుకున్న ముసలి గుమస్తా.
ఇవాళ తలుపు మూసుంది. గొళ్ళెం మీద పిచ్చుక.

ఇక్కడ వాదీ అంటారు.
మా ఆర్మూరులో వాది అంటే
కోర్టు మెట్ల మీద కాగితాల సంచీతో కూర్చునేవాడు.
ఇదీ అంతే, రాళ్ళన్నీ బయట పరుచుకుని ఉంది,
వాన ఏ వాయిదాకి వస్తుందో తెలీదు.
నేను మాత్రం వాగు అనే అంటాను.
వాగని వాగు.
వాగిన రోజున కార్లు కొట్టుకుపోతాయట,
ఎక్కడిదాకా మునిగితే ఆగాలో
రోడ్డు పక్కన ఎరుపూ తెలుపూ గుంజలు చెబుతాయి.

చిన్న గేరు. ఇంకా చిన్నది. ఇక లేదు.
ఊపిరి, గొలుసు, ఊపిరి, గొలుసు.
మలుపులో నల్లబండ మీద గీతలు:
ఒంటె, గుర్రమెక్కిన మనిషి, ఎత్తిన చెయ్యి.
ఎన్ని వందల ఏళ్ళవో, ఎవరు పొడిచారో.
ముఖం లేదు గానీ
ఎగుడు దారిలో ఉన్నాడని వంగిన నడుం చెబుతోంది.

పైన ఊరు. పేరు నేను పలికితే నవ్వుతారు.
ఖర్జూరాల కింద మోకాలెత్తు పచ్చగడ్డి,
గోడ అంచున ఫలజ్ కాలువ.
ఎవరి వంతు ఎంతసేపో ఒకప్పుడు నీడ చెప్పేదట,
ఇప్పుడు చేతిగడియారం.
ఒక ముసలాయన తూముకి కుక్కిన పాతగుడ్డ లాగి
మడికి నీళ్ళు మళ్ళించాడు. వంగాడు.
మెడపట్టీ లోపల, ఎర్ర సిరాతో,
ణ.

నా చేతిరాత.

ఖాతాకొక అక్షరం నా పద్ధతి.
వీధిలో వాళ్ళకి అ, ఆ.
ఏ మాటా మొదలుపెట్టని ణ
నెలకోసారి ఎవరి పికప్‌లోనో మూట పంపే మనిషికిచ్చాను.
ముఖం చూడలేదు. ఒళ్ళు తెలుసు:
ఎడమ భుజం కొంచెం దిగువ, కుడి జేబులో ఎప్పుడూ మట్టి.

నా అరబ్బీ ఇస్త్రీ బల్లంత: గంజి, మడత, రేపు.
వేలు చూపించాను. మెడ తడుముకున్నాడు.
"మరకనుకున్నా. ఎన్ని ఉతుకులకీ పోదు."
నాదేనన్నాను. చదవమన్నాడు.
నాలుక పైకి మడిచి, ణ.
ఆయనా మడిచాడు. పళ్ళు లేని నోట్లో న అయింది.
గడ్డి మోపు కింద నుంచి మనవడు అన్నాడు,
ణ, ణ, ణ,
మేకని అదిలిస్తున్నట్టు. సరిగ్గా.
ఖర్జూరాలు పెట్టారు, ఖావా పోశారు.
చాలని కప్పు ఊపడం మరిచిపోయి నాలుగోదీ తాగాను.

దిగుడు.
తొక్కే పని లేదు, బ్రేకుల మీద రెండేసి వేళ్ళు,
చెవుల్లో గాలి, కళ్ళల్లో నీళ్ళు.
గుర్రం మనిషి ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.
నేనూ చెయ్యెత్తాను, బండి వంకర పోయింది.

అవాబీ బంకు దగ్గర చూసుకుంటే
చొక్కా చేతికి గొలుసు నూనె.
పదకొండేళ్ళుగా ఊరి బట్టలకి గుర్తులు పెడుతున్నా,
నా బట్టలకి లేదు.
అక్షరాలు అయిపోవచ్చాయి.
పాతదైపోయింది, రాయొద్దని బళ్ళో కొట్టేసిన
బండి ఱ ఒకటి మిగిలింది.
రేపు సిరా సీసా తీసినప్పుడు చూడాలి.