ఎనిమిదో గీత

ఇది రేవు అంటుంది బోర్డు.
బోర్డు చుట్టూ నడుమెత్తు బార్లీ చేను.
సముద్రం ఎక్కడ అని అడిగితే
గాడిద మీది కుర్రాడు నవ్వి
తూర్పుకి చెయ్యి చూపించాడు:
బస్సులో అరగంట, బస్సు వస్తే.

ఓడలు బళ్ళవుతాయంటారు కదా,
ఉటికాలో అది సామెత కాదు
రోజూ పొద్దున్నే కంటబడే సంగతి.
టైరు నుంచి వచ్చిన దేవదారు ఓడలు
లంగరు దించిన చోట
లఖ్దర్ ట్రాక్టరు
రివర్సు గేరులో మూలుగుతోంది.

యుద్ధాలు జరక్కపోలేదు.
గైడు వాటిని వేళ్ళు మడిచి లెక్కపెడతాడు,
చెయ్యి చాలక ఆగిపోతాడు.
కానీ ఈ రేవుని చంపింది కత్తి కాదు,
మెజర్దా.
చెడ్డది కాదు ఆ నది.
ఏటేటా కొండల నుంచి
సారె తెచ్చే ఆడపడుచులా
తట్టెడు ఒండ్రు తెచ్చి
వాకిట్లో దించి పోయేది.
తెచ్చినదాన్ని వద్దని ఎవరంటారు?
మొదట లోతు తగ్గింది.
తర్వాత పెద్ద ఓడలు మొహం చాటేశాయి.
తర్వాత కప్పలు.
ఆఖరికి ఒకనాడు ఎవడో
పడవ తోసే గెడతోనే
విత్తనానికి గుంట పొడిచి ఉంటాడు.
ఆ రోజు ఏ రాతి మీదా లేదు.

నాలుగో గోతి పక్కన నీలం టబ్బు.
అరిగిన టూత్‌బ్రష్షుతో
పెంకులు కడుగుతుంది శల్బియా.
ఇరవై ఆరేళ్ళ చాకిరీ.
అక్షరం రాదు. గంపకో గీత చొప్పున
షెడ్డు గోడ మీద బొగ్గుతో లెక్క.

నిన్న ఆమె వేళ్ళ మధ్య
నూనె జాడీ భుజం ముక్క ఒకటి
మట్టి వదిలి బయటపడింది.
దాని మీద మేకుతో గీకిన గీతలు.
ఏడు నిలువుగా, తిన్నగా.
ఎనిమిదోది సగం.

నేను గ్రాఫు కాగితం మీద దాని బొమ్మ వేశాను,
నా జీతం అందుకే.
డాక్టర్ ఉమైమా పక్కన రాసింది:
సరుకు లెక్క. అసంపూర్ణం.
క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం కావచ్చు.
'కావచ్చు' కింద రెండుసార్లు గీసింది.

శల్బియా ఒప్పుకోలేదు.
అసంపూర్ణం ఏంటి, వాణ్ణెవరో పిలిచారు, అంది.
ఎవరు?
నాకేం తెలుసు. పెళ్ళామేమో.
సుంకం వాడేమో.
పిల్లాడు నీళ్ళలో పడ్డాడేమో,
అప్పుడిక్కడ నీళ్ళుండేవి కదా.
అనేసి, తన మాటకి తనే ఉలిక్కిపడి
చేను వైపు చూసింది.
గాలికి బార్లీ ఒక పక్కకి వాలి
మళ్ళీ లేచింది.

నాలుగింటికి చినుకులు.
టార్పాలిన్లు కప్పేసి షెడ్డులో దూరాం.
లఖ్దర్ గంపలు లెక్కపెట్టాడు, పన్నెండు.
గోడ మీద పదకొండు.
ఒక గంప కూలి ఎవడిస్తాడే అని వాడు,
గీస్తుంటే మధ్యలో పిలిచారని ఆమె.
ఎవరు పిలిచారని వాడు.
జవాబు లేదు.
నా టీ గ్లాసులో
అడక్కుండానే ఇంకో పంచదార బిళ్ళ పడేసింది.
ఇక్కడి బావి నీళ్ళు
ఇప్పటికీ కాస్త ఉప్పన.