నలభై ఏడు

సోమవారం పొద్దున్నే నిచ్చెన తెచ్చారు.
పాత బోర్డు దించి గోడకి ఆనించారు,
తలకిందులుగా.
పదకొండేళ్ళ నూనెపొగ తాగిన బోర్డు.
పెసరట్టు ధర మీద ధర, దాని మీద ఇంకో ధర,
స్టిక్కర్ మీద స్టిక్కర్ పడి
బొడిపె కట్టి ఉంది.

కొత్తది వెలుగుతుంది. దానంతటదే మారుతుంది.
కూడబలుక్కుని చదివేలోగా
బర్గరు పోయి పాస్తా వస్తుంది.
ఒకచోట "పెరి పెరి ఫ్రైస్" అని ఉంది.
ఏంటి సార్ అది అన్నాను.
ఆఫ్రికా మిరపకాయ అన్నారు
హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రణీత్ గారు.
పార్కు గోడ అవతల హైవే మీద
మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీలు
గుంటూరు యార్డుకి వరసకట్టి పోతున్నాయి.
నాకు దగ్గొచ్చింది.
నవ్వాపుకోడానికి కాదు, నిజంగా ఘాటుకే.

తీసేసిన వాటిలో మా పెరుగన్నం ఒకటి.
నంజుకోను ఊరమిరపకాయ. నలభై ఐదు రూపాయలు.
"మూవ్ కావట్లేదు" అని కాగితంలో రాశారు.
నిజమే, కదిలే వస్తువు కాదది.
కదిలీ కదిలీ వచ్చినవాళ్ళకి పెట్టేది.

మాకు ఎదురుగానే పడవ ఊయల.
ఆకాశానికి లేచి, ఒక్క క్షణం అక్కడే ఆలోచించి,
కడుపుని పైన వదిలేసి కిందికొస్తుంది.
దిగినవాళ్ళు మొదట నవ్వుతారు.
పది అడుగులేశాక గోడ పట్టుకుంటారు.
నరసరావుపేట స్కూలు బస్సు పిల్లలు,
మరదళ్ళతో పందెం కాసి ఎక్కిన కొత్తల్లుడు,
ఒకసారి, ఊయల బాగుచేయను వచ్చిన ఇంజనీరే.
మొహాలు సున్నం కొట్టినట్టు పాలిపోయి
అందరూ అడిగేది ఒకటే:
"పుల్లగా ఏమన్నా ఉందా?"

శౌరమ్మ ఉంది.
కాయ కాయకీ గాటు పెట్టి,
ఉప్పేసిన పుల్లమజ్జిగలో ముంచి,
పగలు ఎండకీ రాత్రి కుండకీ తిప్పుతుంది.
డ్రాగన్ రైలు షెడ్డు రేకుల మీద ఆరబోస్తుంది.
కింద రైలు కేకలేసుకుంటూ పోతుంటే
పైన కాయలు కిక్కురుమనకుండా ముడుచుకుంటాయి.

మెనూ మారిన రోజు ఆమె ఏమీ అనలేదు.
గ్లౌజులిస్తే తొడుక్కుంది. చీజు తురిమింది.
"ఇదీ పాలే గదా" అంది, ఎవరితోనో.

బోర్డు మారింది గాని బిల్లు మిషను పాతదే.
పేర్లు చెరిపారు, నంబర్లు మర్చిపోయారు.
నలభై ఏడు నొక్కితే
ఖాళీ గీత ఒకటి వస్తుంది,
దాని చివర నలభై ఐదు రూపాయలు.
మొదటిసారి నా వేలు అలవాటుకొద్దీ నొక్కింది.
కౌంటరు అంచు పట్టుకుని ఒక పిల్ల,
మెళ్ళో నీళ్ళసీసా,
కడుక్కున్న గౌను ముందుభాగం పిండుకుంటూ.
శౌరమ్మ తన క్యారేజీ విప్పింది.
ఆరోజు ఆమె ఏం తిన్నదో నేనడగలేదు.
మర్నాటి నుంచి మూడు క్యారేజీలు తెస్తోంది.

నెలాఖరుకి ప్రణీత్ గారు బిల్లుల చుట్ట పరిచారు.
"బాజీ, నూట పన్నెండు ఖాళీలేంటి?"
మిషను ముసలిదైంది సార్.
"డబ్బులు సరిగ్గానే ఉన్నాయే."
ఉన్నాయి సార్.
"పెరుగు ఇండెంటులో లేదు. బియ్యం తగ్గలేదు.
మనం అమ్మిందేంటి మరి?"
ఆ కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టి
చాలాసేపు చూశారు.
అక్కడ నిజంగా ఏమీ లేదు.

శుక్రవారం కొత్త మిషను వస్తుందట.
బొమ్మ లేనిదాన్ని అది అమ్మదట.
శౌరమ్మకి చెప్పాను.
విన్నదో లేదో, పైకి చూస్తోంది;
పడమట మబ్బు పట్టింది.
"నిచ్చెన వెయ్యి బాజీ,
తడిస్తే బూజు పట్టి చస్తాయి.
ఇంకో ఎండ బాకీ ఉంది వాటికి" అంది.
వేశాను.
ఆ సోమవారం తెచ్చిన నిచ్చెనే,
తిరిగి ఇవ్వలేదింకా.