గమ్మున

"గమ్మునుండరా" అనేది మాయమ్మ
నేను పలక పగలగొట్టినప్పుడు,
తమ్ముణ్ణి గిచ్చినప్పుడు.
ఆ మాట వెనక చీపురుకట్ట ఉండేది.
ఇప్పుడదే మాట సెల్వి మేడం అంటుంది,
చిత్తూరు పెద్దాసుపత్రి వెనక వార్డులో
మా ఏడుగురికీ చాపలు పరిపించి:
"గమ్మున కూచోండి. అంతే."
వెనక ఏ కట్టా లేదు.
అందుకే నమ్మబుద్ధి కాలేదు.

మొదటిరోజు ఊపిరిని చూడమనింది.
ముక్కు కొసన చల్లగా లోపలికి,
వెచ్చగా బయటికి.
అందరూ కళ్ళు మూసుకున్నారు.
నేను లేచి వరండాలోకి పోయినా.
నా ముక్కు సంగతి ఆమెకేం తెలుసు?
మూడేళ్ళు ఆ తలుపులోంచే గదా వచ్చిందది,
బైపాసు పక్కన పంక్చరంగట్లో
గుడ్డలో మడిచిన సొల్యూషను.
ఊపిరంటే నాకు గాలి కాదు మేడం,
దొడ్డిదారి.

ఆమె తిట్టలేదు.
"సరే, ముక్కు వద్దు. అరికాళ్ళు చూడు" అనింది.
అరికాళ్ళు!
పంతొమ్మిదేళ్ళుగా నా కింద పడి ఉన్నవాటిని
ఆరోజే పలకరించినా.
ఎడమ మడమ మీద మేకు దిగిన మచ్చ.
గుచ్చుకుంటా ఉన్న చాప పుల్ల.
దాని కింద గచ్చు చల్లన.

ఇంకోరోజు తోతాపురి ముక్కొకటి చేతిలో పెట్టింది.
నమలకూడదంట, ముందు చూడాలంట.
మాకు నవ్వొచ్చింది.
గుజ్జు ఫ్యాక్టరీలో రెండు సీజన్లు కత్తి పట్టిన దొరవేలు అన్నాడు:
"లక్ష కాయలు కోసుంటా మేడం, ఒక్కదాన్నీ చూళ్ళేదు."
నవ్వుతా నవ్వుతానే వాడి గొంతు పూడిపోయింది.
ఎవురూ ఓదార్చలేదు.
ముక్క నోట్లో పెట్టుకున్నాం.
పులుపు ముందొచ్చి కూచునింది,
తీపి గడప బయటే నిలబడింది, కొత్తల్లుడి మాదిరి.

రాత్రి పదకొండుకి వస్తుంది అది.
దవడలో మొదలు. తర్వాత చేతుల్లో చీమలు.
పోట్లాడొద్దన్నారు. లొంగొద్దనీ అన్నారు.
మరేం చెయ్యాల?
మొగిలి ఘాటెక్కే లోడు లారీని చూసుంటారు,
మన మీదికే వస్తున్నట్టు మూలుగుతుంది,
కొండంతా దాని పొగే.
రోడ్డు పక్కన నిలబడితే చాలు, పోతుంది.
పోయినాక ఇంకోటి వస్తుంది, అదీ నిజమే.
ఆ రాత్రి నాలుగు లారీలు లెక్కపెట్టినా.
ఐదోదానికి ఏడ్చినా.
డ్యూటీలో ఉన్న రెడ్డెమ్మక్క
ఏమీ అడక్కుండా ఫ్యాను తగ్గించి పోయింది.

"ఎట్లుంది మీకు ఇదంతా?" అని అడిగింది మేడం ఒక బేస్తవారం.
నాకు తెలిసింది ఒకటే పని, అదే చెప్పినా:
"ట్యూబులో బెజ్జం కంటికి ఆనదు మేడం.
గాలి కొట్టి తొట్టి నీళ్ళలో ముంచి
మెల్లగా తిప్పుతా పోవాల.
ఎక్కడో ఒక బుడగ లేస్తుంది.
తొందరపడితే నీళ్ళు కదిలి
మన చేతి బుడగలే కనబడతాయి.
'చెయ్యి ఆపరా, నీళ్ళే చెప్తాయి' అనేవాడు గఫూర్ భాయ్.
ఊళ్ళోవాళ్ళ బెజ్జాలకి పూసే మందుని
నేను నాకు పూసుకున్నా, లోపల్నించి.
ఎక్కడుందో మాత్రం వెతకలేదు."
సెల్వి మేడం పెన్నుకి మూత పెట్టేసింది.

మొన్న ఒక బుడగ లేచింది.
తమ్ముడి పేరు దగ్గర.
దాని గురించి ఇప్పుడు రాయను.

ఆదివారం మాయమ్మ వచ్చింది,
రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి.
కూచున్నకాణ్ణించీ మాటలే.
కొండకి మొక్కుకున్న గుండు, పక్కింటోళ్ళు అన్నది,
చీటీ డబ్బులు, నా మెడలో ఎముకలు.
"గమ్మునుండుమా" అన్నా.
నా వెనక కూడా ఏ కట్టా లేదు.
నన్నొకసారి చూసి, చెప్పులు విడిచి,
పగిలిన కాళ్ళు గచ్చు మీద పెట్టింది.

కాంపౌండు గోడ అవతల ఎవడో బండికి ప్యాచ్ వేయిస్తా ఉన్నాడు.
ఆ వాసన వచ్చింది.
కాసేపుండింది.
మాయమ్మ సంగటి ముద్ద విరిచింది.